ఇంగిలాయి: ఒక రకం చేప

గ్రంథాలయ శాస్త్రంలో ఎం.ఎల్.ఐ.ఎస్సీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో, కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. హోదా ప్రాజెక్ట్ అసిస్టెంట్. పని, పాత పీహెచ్‌డీ థీసిస్‌లను స్కాన్ చేసి శోధ్‌గంగలో ఎక్కించడం. ఇంటర్వ్యూలో డిప్యూటీ లైబ్రేరియన్ మేడం అడిగిన ప్రశ్న ఒక్కటే: "దుమ్ము పడుతుందా నీకు?" పడుతుందన్నాను. మూడో వారానికల్లా పడలేదు.

శోధ్‌గంగ గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. మన దేశంలో పీహెచ్‌డీ పొందినవాళ్ళ థీసిస్‌లన్నీ ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకునేలా ఒకచోట దాచిపెట్టే నిధి అది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతుంది. 2009లో విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం పట్టా ప్రకటించాక థీసిస్ సాఫ్ట్‌కాపీని విశ్వవిద్యాలయం పంపించాలి. కొత్తవాటికి ఆ దారి ఉంది. అంతకుముందు దశాబ్దాల తరబడి వచ్చి, అట్టలు కట్టించుకుని, వైవా అనే మౌఖిక పరీక్ష అయిపోయి, రెండో అంతస్తు చివరి గదిలో ఇనప ర్యాకులెక్కి కూర్చున్నవాటికి మాలాంటివాళ్ళు కావాలి.

ఆ గది తాళం ఒక అటెండర్ బాబాయ్ దగ్గర ఉండేది. ఇరవై ఏళ్ళుగా ఆ గదే ఆయన ప్రపంచం. కేటలాగు చూడడు. రెక్సిన్ రంగు చూసి చెప్పేస్తాడు. "నలుపైతే కెమిస్ట్రీ, మెరూన్ అయితే తెలుగో చరిత్రో, ఆ నీలం వరసంతా కామర్సు. ఆకుపచ్చవి బోటనీ వాళ్ళయి, వాళ్ళకి అదో సరదా." ఒక్కో డిపార్ట్‌మెంటు వాళ్ళు ఒక్కో బైండింగ్ షాపుకు వెళ్ళేవారట, అందుకే ఆ రంగులు. మొదటి నెలలో నేను కూడా కేటలాగు వదిలేసి ఆయన లెక్కే పట్టుకున్నాను.

పని చెప్పుకోడానికి తేలిక. పొద్దున ఓ పాతిక థీసిస్‌లు దింపి రిజిస్టర్‌లో అక్సెషన్ నంబరు, అంటే గ్రంథాలయం ఒక్కో ప్రతికి ఇచ్చే నంబరు, రాసుకోవాలి. పేజీలు వరసగా ఉన్నాయో లేదో చూడాలి. స్కాన్ చేసి, వంకరలు సరిచేసి, అధ్యాయానికో పీడీఎఫ్ చేయాలి. ఫైళ్ళకు నంబర్లు వేయాలి. ముఖపత్రం 01తో మొదలవుతుంది, ఆ తర్వాతవి వరసగా. అన్నిటికీ చివర ముఖపత్రమూ ముగింపు అధ్యాయమూ కలిపి 80 నంబరుతో ఒక ఫైలు. దాన్ని మేము 'ఎయిటీ' అనేవాళ్ళం. "ఎయిటీ అయిందా?" అంటే ఆ థీసిస్ పని అయిపోయిందా అని. ఇక మిగిలేది ఫారం: శీర్షిక, పరిశోధకుడి పేరు, గైడ్ పేరు, డిపార్ట్‌మెంటు, సంవత్సరం, కీవర్డ్స్. ఈ చివరి గడి సంగతి తర్వాత చెబుతాను.

చేస్తుంటేనే తెలిసింది అందులో ఎంత తిరకాసు ఉందో. పాత థీసిస్‌లు టైపు మిషన్ మీద కొట్టినవి. ఒకసారికి నాలుగైదు కాపీలు కార్బన్ పేపరు పెట్టి కొట్టేవారు. మంచి కాపీలు పరీక్షకులకు వెళ్ళేవి, గ్రంథాలయానికి దక్కేది చివరి కార్బన్. నీలి పొగలా ఉంటుంది, అక్షరం అంచు తెలియదు. కెమిస్ట్రీ వాళ్ళవి అయితే బెంజీన్ వలయాలు స్టెన్సిల్ పెట్టి ఇంకుతో గీసినవి. వందల కొద్దీ ఆరుమూలల బొమ్మలు, ఒక్కటి కూడా వంకర లేదు. తెలుగు థీసిస్‌లలో టైపిస్టు వదిలేసిన ఒత్తులన్నీ పెన్నుతో దిద్ది ఉంటాయి. జువాలజీ వాళ్ళు ఫొటోలు బంకతో అంటించారు. ముప్పై ఏళ్ళకు బంక ఎండి, పేజీ తిప్పితే ఫొటో ఒళ్ళో పడేది. ఏ ఫొటో ఏ పేజీదో కింద రాసిన నంబరును బట్టి పట్టుకోవాలి. జియాలజీ వాళ్ళ మ్యాపులు వెనక అట్ట సంచిలో మడతపెట్టి ఉంటాయి. విప్పితే బల్ల నిండిపోతుంది, మా స్కానర్‌లో పట్టదు. నాలుగు ముక్కలుగా తీసి కలపాల్సి వచ్చేది.

2000 తర్వాత వచ్చినవాటికి వెనక సీడీ ఉండేది. ఇవి తేలికలే అనుకున్నాను. సగానికి పైగా సీడీలు తెరుచుకోలేదు. కార్బన్ కాపీ చదవగలిగాం గానీ సీడీ చదవలేకపోయాం. బాబాయ్‌కి ఇది చెబితే రెండు రోజులు వచ్చిపోయేవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వాడు.

ఇప్పుడు అసలు విషయం. విశ్వవిద్యాలయంలో ఏ విద్యార్థికైనా తన డిపార్ట్‌మెంటు పరిశోధనే తెలుస్తుంది. పక్క బిల్డింగులో ఏం జరుగుతుందో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. స్కానర్ ముందు కూర్చున్నవాడికి అన్నీ వరసగా చేతిలోంచి వెళ్తాయి. ఒక పూట నేను స్కాన్ చేసినవి చెబుతాను: బోరునీళ్ళలో ఫ్లోరైడ్, హరికథలు, బీడీ కార్మికుల జీతాలు, ఎనభై పేజీల గణితం, ఒక జిల్లాలో ఊళ్ళ పేర్లు. గణితం వాళ్ళంటే మాకు ప్రాణం. సన్నగా ఉంటాయి, మధ్యాహ్నం టీ లోపు రెండు అయిపోతాయి. తెలుగు శాఖవి ఆరువందల పేజీలకు తగ్గవు. ప్రాచీన సాహిత్యం మీదైతే ఇంకో వంద కలుపుకోవాలి.

నేను ఎనభై ఫైలు చేసేటప్పుడు ముగింపు అధ్యాయం తప్పకుండా కంటబడేది. నిజం చెప్పాలంటే ముగింపులు చాలా వరకు ఒకలాగే ఉంటాయి. ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి, మరింత పరిశోధన జరగాలి, అవగాహన పెంచాలి. ఆర్థికశాస్త్రం, కామర్సు థీసిస్‌లలో 'జిల్లా పరిచయం' అనే అధ్యాయం ఒకటి ఉంటుంది, దాని గురించి మాట్లాడకపోవడమే మంచిది. ఒకే జిల్లా మీద వచ్చిన నాలుగు థీసిస్‌లలో అదే అధ్యాయం అదే వరసలో చూశాను. మొదటిదాంట్లో జనాభా పట్టికలో దొర్లిన కూడిక తప్పు నాలుగో దాంట్లోనూ క్షేమంగా ఉంది. మధ్యలో పద్నాలుగేళ్ళు గడిచాయి. పరిశోధనలో నకలు ఎంత శాతం దాటితే ఏం చేయాలో యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది, సాఫ్ట్‌వేర్‌తో తనిఖీలు మొదలయ్యాయి. ఇవి అంతకుముందువి, ఎవరూ చూడలేదు.

అందుకని నాకు వెనక పేజీలు చదివే అలవాటైంది. అనుబంధాలు. పరిశోధకుడు చివర్లో పెట్టేసినవి: ప్రశ్నావళి, పాడినవాళ్ళ వయసుతో సహా రాసుకున్న పాటలు, పదాల జాబితాలు, ఊరూరా తిరిగి తెచ్చిన నీళ్ళ లెక్కలు. గైడు కోసం రాసింది ముందుంటుంది, తిరిగి తెచ్చుకున్నది వెనకుంటుంది. ఫ్లోరైడ్ థీసిస్‌లో ముందు భాగమంతా 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును మొదట గుర్తించిన దగ్గర్నుంచి నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి నీళ్ళు శుద్ధి చేయడం దాకా అందరికీ తెలిసిందే. వెనక మాత్రం ఏ ఊళ్ళో ఏ బావి నీళ్ళు ఎలా ఉన్నాయో పట్టిక. అందులో చాలా బావులు ఇప్పుడు ఉండవు. ఆ నీళ్ళు మళ్ళీ ఎవరూ తేలేరు.

నాది కొల్లేటి లంక గ్రామం, కైకలూరు వైపు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లంలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి చేరితే కొల్లేరు. ఆ నీళ్ళు ఉప్పుటేరు పట్టుకుని సముద్రంలోకి పోతాయి. మా తాతది దోనె, వల. మా నాన్న నాటికి చేపల చెరువులు వచ్చాయి. 2006లో అభయారణ్యం లోపల చెరువులు ఉండకూడదని పొక్లెయిన్లు వచ్చి చెరువుల గట్లు తెంపుతుంటే పిల్లలమంతా గట్టు మీద నిలబడి చూశాం. పెద్దవాళ్ళు ఏడుస్తున్నారు, మాకేమో మిషన్ చూడటం సరదా. ఇదంతా ఎందుకంటే, ఉద్యోగంలో చేరిన ఐదో నెలలో ఆకుపచ్చ రెక్సిన్ ఒకటి తెరిస్తే శీర్షికలో కొల్లేరు కనిపించింది.

కలుపు మొక్కల మీద బోటనీ థీసిస్ అది. గుర్రపుడెక్క ఎంత మేర పాకిందో గీసిన పటంలో మా లంక పేరు ఉంది. పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత కొల్లేరు అన్న మాట ఉన్నవన్నీ పక్కకు తీసిపెట్టడం మొదలైంది. నేను అడగకపోయినా బాబాయ్ కూడా వెతికి తెచ్చేవాడు. "ఇదిగో, మీ చెరువోళ్ళది ఇంకోటి."

పక్షుల మీద ఒకటి, చేపల మీద ఒకటి జువాలజీవి ఉన్నాయి. 1976లో మత్స్యకార సొసైటీలకు చేపల చెరువులు ఇచ్చాక వాళ్ళ ఆదాయం ఎలా మారిందో చెప్పే ఆర్థికశాస్త్రానిది ఉంది. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యం అని ఇచ్చిన 120 నంబరు జీవో మీద న్యాయశాస్త్రానిది ఉంది. ఒకప్పుడు సముద్రం ఇక్కడిదాకా ఉండేదని పాత ఇసుక దిబ్బల వరసలు చూపించే జియాలజీది ఉంది. పెద్దింట్లమ్మ జాతర వర్ణనతో జానపద విజ్ఞానానిది ఉంది. కొల్లేటి మత్స్యకారుల వృత్తి పదాల మీద తెలుగు శాఖది ఉంది.

ఇవన్నీ మా బల్ల మీద పక్కపక్కన పెట్టి ఆధార గ్రంథాల జాబితాలు చూశాను. ఒక్కదాంట్లో కూడా మిగతావాటి పేరు లేదు. అదే విశ్వవిద్యాలయం, అదే సరస్సు, కొన్నిటి మధ్య రెండు మూడేళ్ళే తేడా. ఆర్థికశాస్త్రం వాళ్ళకు చెరువు ఆదాయం, బోటనీ వాళ్ళకు చెరువు రోగం. ఇద్దరూ ఒకే హాస్టల్లో ఉండి ఒకే మెస్సులో తిని ఉంటారు. పులుసు బాగోలేదని మాట్లాడుకుని ఉంటారు గానీ చెరువు గురించి మాట్లాడుకున్నట్టు లేదు.

వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అప్పట్లో ఎవరి థీసిస్ ఏ ర్యాకులో ఉందో తెలియాలంటే ఈ గదికి వచ్చి బాబాయ్‌ని అడగాల్సిందే. డిపార్ట్‌మెంట్ల నుంచి వచ్చేవాళ్ళు తమ రంగు దగ్గరికే వెళ్ళేవారట. "నల్లోళ్ళు నల్లయ్యి, నీలపోళ్ళు నీలయ్యి," అన్నాడాయన.

ఇంగిలాయి సంగతి ఇక్కడే వస్తుంది. వృత్తి పదాల థీసిస్ చివర అక్షరక్రమంలో పెద్ద జాబితా ఉంది. దోనె అంటే ఏమిటి, చేపలు పట్టే మావు ఎలా అల్లుతారు, వల కట్టడంలో మాటలు, చాలా శ్రద్ధగా ఉన్నాయి. మా తాత నోట విని మరిచిపోయిన మాటలు కొన్ని అచ్చులో చూస్తే ఒళ్ళు జల్లుమంది. చేపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇలా ఉంది. 'ఇంగిలాయి: ఒక రకం చేప.' 'మార్పు: ఒక రకం చేప.' 'జెల్ల: ఒక రకం చేప.' వరసగా రెండు పేజీలు ఒక రకం చేపలే.

చేపల మీద వచ్చిన జువాలజీ థీసిస్‌లో చేపల పట్టిక ఉంది. అందులో హెటెరోప్న్యూస్టెస్ ఫాసిలిస్ అని లాటిన్ పేరు, పొడవు, బరువు, ఏ నెలలో గుడ్లు పెడుతుంది, గాలి పీల్చడానికి ఒంట్లో ఏ ఏర్పాటు ఉంది, అన్నీ ఉన్నాయి. తెలుగు పేరు లేదు. బంకతో అంటించిన ఫొటో ఒకటి ఉంది, బాగా మసకబారింది. పొడుగ్గా, మీసాలతో, నల్లగా. నాకెందుకో అనుమానం వచ్చి ఫోన్‌తో ఫొటో తీసి మా అమ్మకు పంపాను. తమ్ముడి ఫోన్‌లో చూసి వెంటనే ఫోన్ చేసింది.

"ఇంగిలాయి కదరా ఇది. దీని ఫొటో ఎందుకు తీశావు? పట్టుకున్నావా ఏంటి?"

పట్టుకోలేదని, ఎవరో ముప్పై ఏళ్ళ క్రితం తీసిన ఫొటో అని చెప్పాను.

"ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా నిద్రుండదు. మీ తాత ఒకసారి చెయ్యి వాచిపోయి తెల్లారేదాకా అరిచాడు. బాలింతలకి మాత్రం మంచిది, నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మమ్మ పులుసు పెట్టి తినిపించింది." తర్వాత పులుసు ఎలా పెట్టాలో చెప్పింది. నేను అడగలేదు.

తెలుగు శాఖ వాళ్ళ దగ్గర పేరుంది, చేప లేదు. జువాలజీ వాళ్ళ దగ్గర చేప ఉంది, పేరు లేదు. ముల్లూ పులుసూ రెండు థీసిస్‌లలోనూ లేవు. ఆ రెండు ర్యాకుల మధ్య దూరం నాలుగు అడుగులు.

అదే జువాలజీ థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ కూడా నాకు గుర్తుండిపోయింది. కృతజ్ఞతల పేజీలన్నీ నేను చదివేవాణ్ణి, 80 ఫైలులో అక్కర్లేకపోయినా. గైడు, గైడు గారి సతీమణి, టైపిస్టు, ల్యాబ్ అటెండర్, పొలం అమ్మి ఫీజు కట్టిన తండ్రి. ఈయన మాత్రం ప్రతి ఆదివారం తనను సరస్సులోకి తీసుకెళ్ళిన పడవ మనిషికి ఒక వాక్యం రాశాడు. పేరు రాయలేదు. చేపల పేర్లన్నీ ఆ మనిషి నోటితోనే చెప్పి ఉంటాడని నా అనుమానం. లాటిన్ తెలిసిన మనిషికి ఆ పేర్లు రాసుకోవాలని తోచలేదు.

మన తెలుగు శాఖల్లో థీసిస్ పుస్తకమై ఇళ్ళల్లోకి వెళ్ళిన రోజులూ ఉన్నాయి. ఆధునిక కవిత్వం మీద సినారె ఉస్మానియాలో చేసింది, ఆంధ్ర సంస్థానాల సాహిత్య పోషణ మీద తూమాటి దొణప్ప ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేసింది, జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో చేసింది, ఇవన్నీ అచ్చయి పాఠ్యపుస్తకాల్లా చెలామణి అయ్యాయి. మా గదిలో ఉన్నవి ఎక్కడికీ వెళ్ళనివి. అయిదో ఆరో కాపీలు, ఇద్దరో ముగ్గురో చదివినవి. కొన్నిటికి అంటుకున్న పేజీలు కూడా విడదీయలేదు, అంటే వైవా తర్వాత ఎవరూ తెరవలేదన్నమాట.

కీవర్డ్స్ గడి దగ్గర నేను చిన్న దొంగపని మొదలుపెట్టాను. పరిశోధకుడు ఇవ్వకపోతే కీవర్డ్స్ మేమే వేయాలి. కొల్లేరుకు సంబంధం ఉన్న అన్నిటికీ, శీర్షికలో లేకపోయినా, కొల్లేరు అని చేర్చాను. అలా వెతికేవాడికి న్యాయశాస్త్రం పక్కన జానపదం కూడా వస్తుంది. ఊళ్ళ పేర్ల థీసిస్‌కు కూడా చేర్చాను, అందులో '-లంక', '-పర్రు' అని అంతమయ్యే పేర్ల మీద ఒక అధ్యాయం ఉంది. ఇసుక దిబ్బల మ్యాపు పక్కన ఆ జాబితా పెట్టి చూడాలని జియాలజీ వాళ్ళు ఎవరికైనా తోస్తే తోస్తుంది. వృత్తి పదాల థీసిస్‌కు మరీ తెగించి హెటెరోప్న్యూస్టెస్ ఫాసిలిస్ అని కొట్టాను.

మేడం తనిఖీలో పట్టుకుంది. "తెలుగు థీసిస్‌కి లాటిన్ పేరేంటయ్యా?"

కథంతా చెప్పాను, అమ్మ పులుసుతో సహా. ఆవిడ నవ్వింది. కానీ తీసెయ్యమంది. "రేపు ఆ గైడ్ గారు చూస్తే నా థీసిస్‌లో లేని మాట మీరెలా పెట్టారంటారు. ఆయనన్నది తప్పని మనం అనలేం కదా." ఆవిడ అన్నదీ నిజమే. మా పని ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం. తీసేశాను. కొల్లేరు మాత్రం ఉంచింది.

తెలుగు థీసిస్‌లతో ఇంకో బాధ ఉంది. కంప్యూటర్ వచ్చాక కూడా అవి డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతోనో శ్రీలిపితోనో కొట్టినవి. చూడటానికి ముత్యాల్లా ఉంటాయి. పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు వస్తాయి. కంప్యూటర్ లెక్కలో అది తెలుగు కాదు. కార్బన్ కాపీలైతే వట్టి బొమ్మలు. ఇంగ్లీషు థీసిస్‌లకు బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ వేస్తే ఎంతో కొంత లోపలి మాటలు వెతుకులాటలో దొరుకుతాయి. తెలుగుకు మేము వాడిన సాఫ్ట్‌వేర్ 'కొల్లేరు'ను మూడు రకాలుగా చదివింది, ఒక్కటీ కొల్లేరు కాదు. గడువు దగ్గర పడుతోందని తెలుగువి బొమ్మలుగానే ఎక్కించేశాం.

పీహెచ్‌డీకి ముందు మెట్టుగా ఉండే ఎం.ఫిల్. వాటి గురించి చెప్పకుండా ఉండలేను. ర్యాకుల కింది అరల్లో, నేల మీద కట్టలు కట్టి, వందల్లో ఉండేవి. మాకు ఇచ్చిన పని పీహెచ్‌డీలకే, అవి లెక్కలోకి రావు. ఎం.ఏ. ప్రాజెక్టు రిపోర్టులైతే డిపార్ట్‌మెంట్లలోనే ఏదో మూల. ఒక వేసవిలో గదికి రంగులు వేస్తున్నారని ఆ కట్టలు వరండాలోకి తెచ్చారు. తర్వాతి సోమవారం వెళ్ళేసరికి వరండా ఖాళీ. బాబాయ్ తల దించుకుని, "పాత కాగితాల కింద రాసేశారంట," అన్నాడు. ముందు శుక్రవారం నేను అందులోంచి ఒకటి తిరగేశాను. తన ఊరి చాకళ్ళు బట్టల మీద వేసే గుర్తులు ఒక్కోటీ పెన్సిలుతో గీసి, ఏ గుర్తు ఎవరింటిదో రాసుకున్నాడు ఒక కుర్రాడు. నూట పది పేజీలు. సోమవారం స్కాన్ చేద్దాం, ఎవరూ అడగరులే అనుకున్నాను. 2022 నిబంధనలతో యూజీసీ ఎం.ఫిల్.నే ఎత్తేసిందని విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చినవి ఆ పెన్సిలు గుర్తులే.

పద్నాలుగు నెలలకు కాంట్రాక్టు అయిపోయింది. తర్వాత వేరే ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో చేరాను. అక్కడ థీసిస్‌లు లేవు, దుమ్ము కూడా తక్కువే. బాబాయ్ రిటైరయ్యాడు. ఇప్పుడా గదిలో రంగులను బట్టి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో.

అప్పుడప్పుడు ఫోన్‌లో కొల్లేరు అని కొట్టి చూస్తాను. మేమెక్కించినవి వరసగా వస్తాయి, అన్ని డిపార్ట్‌మెంట్లవీ కలిపి. ఇంగిలాయి అని కొడితే మాత్రం వాటిలో ఒక్కటీ రాదు. ఆ మాట ఉన్న పేజీ బొమ్మ కదా. తెలుగు శాఖ థీసిస్‌లో ఏ పేజీ, జువాలజీ దాంట్లో ఏ ఫొటో అన్నది నా పాత నోట్‌బుక్‌లో పక్కపక్కన రాసుకున్నాను. కింద అమ్మ చెప్పిన పులుసు కూడా ఉంది.